ఎన్ని మెట్లున్నయ్ బిడ్డా?

అమ్మ మహబూబాబాద్ నుంచి నా దగ్గరికి బయల్దేరే ముందు ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఇది. బండి ఎన్ని గంటలకు వస్తుందో, సీటు దొరుకుతుందో లేదో తర్వాత. ముందు మెట్లు. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు నా దగ్గరే ఉంది. పంజాగుట్ట వైపు ఫిజియోథెరపీకి వారానికి రెండు సార్లు తీసుకెళ్లాను. నేను ఉండేది హైదరాబాద్‌లోని చందానగర్‌లో. బండి నడపడం రాదు, ప్రతిసారీ కారు మాట్లాడుకునే స్తోమత లేదు. అందుకే ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలు, మెట్రో, మధ్యలో ఆటో.

నేను ఇన్సూరెన్స్ ఏజెంటును. పద్నాలుగేళ్లుగా ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం దాకా ఈ ఊళ్లో స్టేషన్లన్నీ ఎక్కి దిగాను. అన్నీ నాకు తెలుసనుకున్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని నడిచాకే తెలిసింది, నాకు తెలిసింది బండ్ల టైములు మాత్రమేనని. స్టేషన్ అంటే రోడ్డు మీద ఆటో దిగిన చోటి నుంచి పెట్టెలో కూర్చునేదాకా ఉన్న దారి. ఆ దారి బాగుంటే స్టేషన్ బాగున్నట్టు. ఇక్కడ రాసేదంతా ఆ దారి గురించే. ఇంట్లో మోకాళ్ల నొప్పులవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఉంటే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక చిన్న విషయం. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మొదటి రోజే అమ్మకు ఒక సూత్రం నేర్పింది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చేతికర్ర ఆపరేషన్ కాలితో పాటే కదలాలి. అమ్మ దాన్ని ఎంత శ్రద్ధగా పట్టుకుందంటే, మెట్ల దగ్గరికి రాగానే ఆగి, లోపల్లోపల ఏదో అనుకుని, అప్పుడు కాలు కదిపేది. ఒక్కో మెట్టుకు రెండు కాళ్లూ చేర్చి నిలబడాలి. చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి. వెనక నుంచి వచ్చే జనం అమ్మను దాటుకుంటూ పోతుంటే రెయిలింగ్ వదలాల్సి వచ్చేది. అలా వదిలిన ప్రతిసారీ నా చెయ్యి గట్టిగా పట్టేది. ఆమె గోళ్ల గుర్తులు నా మణికట్టు మీద సాయంత్రం దాకా ఉండేవి.

ఇంకో మాట కూడా అమ్మే చెప్పింది. "ఎక్కుడు ఎట్లనన్న ఎక్కుత బిడ్డా, దిగుడే పానం మీదికొస్తది." మోకాళ్లు అరిగినవాళ్లను ఎవరినైనా అడగండి, ఇదే మాట చెప్తారు. దిగేటప్పుడు ఒంటి బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది. కానీ నేను తిరిగిన చాలా చోట్ల ఎస్కలేటర్ పైకి వెళ్లడానికి ఉంది, కిందికి రావడానికి మెట్లే ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎక్కడమే ఆయాసం కాబట్టి, ఎస్కలేటర్ ఒక్కటే పెట్టే వీలుంటే పైకే పెడతారు. ఎస్కలేటరైనా అమ్మలాంటివాళ్లకు పూర్తి సాయం కాదు. కదిలే మెట్టు మీద కాలు వెయ్యాలి, చివర్లో సరిగ్గా సమయానికి తియ్యాలి. చేతిలో కర్ర ఉంటే ఇంకా కష్టం. కావలసింది లిఫ్టు. అందుకే ఏ స్టేషన్‌కు వెళ్లినా నేను మొదట వెతికేది లిఫ్టునే. అది పని చేస్తోందా, దాని దాకా చదునుగా నడిచే దారి ఉందా అని చూస్తాను.

ఇక మెట్రో సంగతి. హైదరాబాద్ మెట్రోకు ఉన్న 57 స్టేషన్లూ రోడ్డుకు పైనే ఉన్నాయి. భూమి లోపల ఒక్కటీ లేదు. అంటే ఎక్కడికి వెళ్లాలన్నా ముందు పైకెక్కాలి. రోడ్డు మీద నుంచి టికెట్లు ఇచ్చే అంతస్తుకు ఒక ఎక్కుడు, అక్కడి నుంచి ప్లాట్‌ఫాంకు ఇంకోటి. కాబట్టి లిఫ్టులు రెండు మారాలి. మొదటిసారి ఇది తెలియక, మొదటి లిఫ్టు నేరుగా బండి దగ్గరికి తీసుకెళ్తుందనుకున్నాం. పైకి వచ్చాక సెక్యూరిటీ తనిఖీ, టికెట్ గేటు, ఆ తర్వాత రెండో లిఫ్టు ఎక్కడుందో వెతుక్కోవడం. గేట్లలో ఒకటి మిగతా వాటికన్నా వెడల్పుగా ఉంటుంది. చక్రాల కుర్చీకి, కర్ర పట్టుకుని మెల్లగా నడిచేవాళ్లకు అదే సరిపోతుంది. మామూలు గేటు తలుపులు మూసుకుంటాయేమోనని అమ్మకు భయం. వెడల్పు గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి మొదటి రోజే అది గమనించి, "మెల్లగా రా అమ్మమ్మా, ఏం కాదు" అని అమ్మ భుజం పట్టుకుని దాటించింది. ఆ తర్వాత నుంచి అమ్మ ఆ గేటు కోసమే చూసేది.

ఇంటి నుంచి మాకు రెండు దారులు. చందానగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి బేగంపేటలో దిగి, అక్కడి నుంచి ఆటో. లేదంటే ఆటోలో మియాపూర్ వెళ్లి, ఎర్ర లైను మెట్రోలో నేరుగా పంజాగుట్ట. డబ్బు లెక్కన చూస్తే ఎంఎంటీఎస్‌కు సాటి లేదు, ఒక టీ తాగే డబ్బుతో ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు పోవచ్చు. మెట్రో టికెట్ 2025 మేలో పెరిగింది. మొదట 12 నుంచి 75 రూపాయలు అన్నారు, తర్వాత కొంత తగ్గించి 11 నుంచి 69 చేశారు. ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ బస్సు ఉచితమైనప్పటి నుంచి అమ్మ వయసువాళ్లు మెట్రో టికెట్ ధర వినగానే వెనక్కి తగ్గుతారు. మా అమ్మా తగ్గింది. "ఉత్తగ పొయ్యే బస్సుండంగ గన్ని పైసలెందుకు?" అంది. కానీ సిటీ బస్సు ఫుట్‌బోర్డు ఎంత ఎత్తులో ఉంటుందో, డ్రైవర్ ఎంతసేపు ఆగుతాడో ఒకసారి చూశాక ఆ మాట మళ్లీ అనలేదు.

మెట్రోలో అమ్మకు అన్నిటికన్నా నచ్చింది ప్లాట్‌ఫాం నేల, పెట్టె నేల ఒకే మట్టంలో ఉండటం. బండి ఆగింది, తలుపు తెరుచుకుంది, గదిలోంచి గదిలోకి నడిచినట్టు లోపలికి అడుగు వేసింది. అడుగు వేశాక వెనక్కి తిరిగి నేలకేసి చూసింది. "గిదేంది, మెట్టే లేదు" అంది. అప్పటికి రెండు నెలలుగా ప్రతి గడపనూ లెక్కపెట్టుకుంటూ నడిచిన మనిషి. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎంఎంటీఎస్ దగ్గర ఇదే పెద్ద తేడా. రైల్వేలో ఎత్తు ప్లాట్‌ఫాం అంటే పట్టాల మట్టం నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు. పెట్టె నేల దానికన్నా అడుగుకు పైగా ఎత్తులో ఉంటుంది. మధ్యలో ఖాళీ సందు. నాలాంటి మనిషికి అది ఒక పెద్ద అంగ, అంతే. అమ్మకు అది మెట్టు కాదు, గోడ. మంచి కాలు పైన పెట్టి, తలుపు పక్కన ఉన్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, ఒంటిని పైకి లాక్కోవాలి. ఆ సమయంలో కర్ర నేను పట్టుకోవాలి, వెనక నుంచి నడుం దగ్గర ఆసరా ఇవ్వాలి. బండి ఆగేది కాసేపే. పొద్దున ఎనిమిదిన్నర బండిలో దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు తోస్తారు. మేం పదకొండు తర్వాతి బండికే వెళ్లేవాళ్లం. ఎంఎంటీఎస్ బండ్ల మధ్య ఎడం ఎక్కువ, ఒకటి పోతే ఇంకోటి ఎప్పుడో. ఆ ఎదురుచూపులో కూర్చోవడానికి బెంచీ, పైన నీడ ఉన్నాయా లేదా అన్నది కూడా స్టేషన్ బాగోగుల్లో భాగమే.

2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్‌ను నేను ఇష్టంగా వాడతాను, ఇప్పటికీ నా రోజువారీ బండి అదే. చిన్న స్టేషన్లలో ఒక మంచి గుణం ఉంది. ఆటో దిగితే పది అడుగుల్లో ప్లాట్‌ఫాం ఉంటుంది. తనిఖీ లేదు, అంతస్తులు లేవు. ఒక్క చిక్కు మాత్రం ఉంది. వెళ్లే బండి ఒక వైపు, వచ్చే బండి ఇంకో వైపు. వెళ్లేటప్పుడు మెట్లే లేవు కదా అని సంతోషించాం. తిరిగొచ్చాక బండి అవతలి ప్లాట్‌ఫాం మీద దింపింది, ఇవతలికి రావాలంటే ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి దిగాలి. అక్కడి నుంచి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. బండి ఇంకా రెండు స్టేషన్లు ఉందనగా తెలిసిన ఆటో తమ్ముడికి ఫోన్ చేసి, ఏ వైపు రోడ్డు మీదికి రావాలో చెప్పేదాన్ని. అతను చుట్టూ తిరిగి రావడానికి ఇరవై రూపాయలు ఎక్కువ ఇచ్చేదాన్ని. ఆ ఇరవై రూపాయలు నలభై మెట్లను తప్పించేవి. మీ స్టేషన్‌కు రెండు వైపులా రోడ్డు ఉంటే మీరూ ఇలాగే చెయ్యండి. పట్టాలు దాటి అవతలికి పోయేవాళ్లను రోజూ చూస్తుంటాను. వాళ్లలో మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దవాళ్లే ఎక్కువ. మెట్లు ఎక్కలేక ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. ఆ చోట లిఫ్టు ఉంటే వాళ్లు పట్టాలు దాటరు.

ఇక నన్ను ఏడిపించిన రోజు. స్టేషన్ పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్క చోటే జరిగేది కాదు. దూరం బండి దిగాం. లిఫ్టు దాకా ప్లాట్‌ఫాం పొడవునా నడిపించాను. లిఫ్టు తలుపు ముందు ఒక పసుపు రంగు బారికేడ్, దాని మీద 'మరమ్మతులు జరుగుతున్నవి' అని కాగితం. కాగితం అంచులు మడతలు పడి, అక్షరాలు ఎండకు వెలిసిపోయి ఉన్నాయి. అంటే ఆ మరమ్మతు నిన్నా మొన్నా మొదలైంది కాదు. పక్కన ఎవరూ లేరు. ఇంకో లిఫ్టు ఎక్కడుందో చెప్పే బోర్డు లేదు. అక్కడ టీ అమ్మే అతన్ని అడిగితే "ఆ చివర ఉందమ్మా, కానీ అది వేరే ప్లాట్‌ఫాంకు" అన్నాడు. అమ్మ మెట్ల వైపు చూసింది. ఎన్ని మెట్లున్నయ్ అని అడగలేదు. కొంగు నడుముకు చుట్టుకుని, మంచి కాలు మొదటి మెట్టు మీద పెట్టింది. మధ్యలో ఉన్న చదును దగ్గర కూర్చుండిపోయింది. ఒకామె తన కూరగాయల గంప దించి నీళ్ల సీసా ఇచ్చింది. ఇద్దరు కాలేజీ పిల్లలు మా సంచులు పైకి మోసి, మళ్లీ కిందికి వచ్చి "అమ్మమ్మా, చెయ్యి ఇవ్వండి" అన్నారు. మేం రోడ్డు మీదికి వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. ఆ రాత్రి అమ్మ మోకాలు వాచింది, ఐస్ పెట్టాను.

లిఫ్టు పాడవడం తప్పు కాదు, యంత్రం అన్నాక పాడవుతుంది. పాడైందని బండి దిగకముందే చెప్పకపోవడం తప్పు. బండి ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో మైకులో పది సార్లు చెప్తారు. ఆ ప్లాట్‌ఫాం లిఫ్టు పని చెయ్యడం లేదని ఒక్కసారి చెప్తే, మేం దిగిన చోటే కూర్చుని వీల్‌చెయిర్ కోసమో కూలీ కోసమో కబురు పెట్టేవాళ్లం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నిటినీ నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో అందరూ వాడుకునేలా మార్చాలని అందులో ఉంది. ఆ నిబంధనలు 2017లో వచ్చాయి. కాబట్టి మనం అడిగేది దయ కాదు, గడువు దాటిపోయిన బాకీ.

ర్యాంపుల గురించి కూడా నాకు ఈ మూడు నెలల్లోనే తెలిసింది. సరైన ర్యాంపు అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవైనా ఉండాలి. అంతకన్నా నిటారుగా ఉంటే చక్రాల కుర్చీని తోసే మనిషికి చేతులు చాలవు, దిగేటప్పుడు కుర్చీ ఆగదు. మెట్ల పక్కన మిగిలిన జాగాలో సిమెంటు పోసి చేసిన జారుడుబండలను కూడా ర్యాంపు అనేస్తున్నారు. అమ్మ అలాంటి ఒకదాని మీద నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చి, మెట్లే ఎక్కింది.

నేల మీద పసుపు రంగు పలకలు మీరూ చూసే ఉంటారు. చూపు లేనివాళ్ల కోసం వేసినవి. పొడవు గీతలున్న పలక అంటే నడువు అని, గుండ్రటి బుడిపెలున్న పలక అంటే ఆగు, ముందు ఏదో ఉంది అని. మెట్రోలో ఈ దారి గేటు నుంచి లిఫ్టు దాకా, ప్లాట్‌ఫాం అంచు దాకా తెగకుండా వస్తుంది. లిఫ్టు మీటల మీద బ్రెయిలీ చుక్కలు కూడా ఉంటాయి. మూడు భాషల్లో స్టేషన్ పేరు, తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో చెప్తారు. నా క్లయింటు ఒకాయనకు చూపు లేదు, తార్నాకలో ఉంటారు. "ఆ పలకలు ఉంటే నేను ఎవరినీ అడగను అమ్మా, వాటి మీద సామాను పెడితేనే అడగాల్సి వస్తుంది" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఎక్కడైనా ఆ పలకల మీద సూట్‌కేసు పెట్టి నిలబడ్డవాళ్లు కనిపిస్తే జరపమని చెప్తున్నాను. చాలామంది తెలియకే పెడతారు, చెప్పగానే తీసేస్తారు.

అమీర్‌పేట గురించి రాయకుండా మెట్రో గురించి రాయలేం. ఎర్ర లైను, నీలం లైను కలిసే చోటు. రెండు లైన్లూ రెండు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి. బయటికి రాకుండానే, కొత్త టికెట్ లేకుండానే మారొచ్చు. గోడల మీద, స్తంభాల మీద రంగులతో బాణాలు ఉన్నాయి, చదువు రాకపోయినా రంగు చూసి పోవచ్చు. ఇది నిజంగా మంచి ఏర్పాటు. కానీ సాయంత్రం ఆరు తర్వాత అక్కడ జనం నది లాగా కదులుతారు. రాయదుర్గం వైపు నుంచి వచ్చే ఆఫీసు పిల్లలు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, అందరూ ఒకేసారి మెట్ల మీద పడతారు. ఆ వేళ లిఫ్టు దగ్గర కూడా లైను ఉంటుంది, అందులో ముప్పావు వంతు కాళ్లు బాగున్నవాళ్లే. ఒకసారి అమ్మను చూసి ఒక అబ్బాయి లిఫ్టులోంచి బయటికి వచ్చి మెట్లెక్కి వెళ్లాడు. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ అబ్బాయికి ఇక్కడి నుంచి థాంక్స్. పెద్దవాళ్లతో అమీర్‌పేటలో లైను మారాల్సి ఉంటే మధ్యాహ్నం పన్నెండుకూ నాలుగుకూ మధ్య వెళ్లండి.

ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర ఎర్ర లైను, ఆకుపచ్చ లైను కలుస్తాయి. జేబీఎస్ బస్టాండు నుంచి ఎంజీబీఎస్ దాకా ఆకుపచ్చ లైను 2020 ఫిబ్రవరిలో మొదలైంది. అక్కడ రద్దీ తక్కువ, నడవాలు వెడల్పు, అమ్మకు కూర్చోవడానికి చోటు కూడా దొరికింది. ఊరి బస్సు దిగి మెట్రో ఎక్కాలనుకునేవాళ్లకు అది నాకు తెలిసినంతలో అన్నిటికన్నా సుఖమైన చోటు.

మెట్రో స్టేషన్ వల్ల ఇంకో లాభం ఉంది, చాలామందికి తెలియదు. రోడ్డు దాటడానికి దాన్ని వాడుకోవచ్చు. ఒక వైపు లిఫ్టులో పైకెక్కి, టికెట్ గేట్ల బయటి నుంచే నడిచి, అవతలి వైపు లిఫ్టులో దిగొచ్చు. టికెట్ అక్కర్లేదు. పంజాగుట్టలో మేం ప్రతిసారీ అలాగే దాటాం. ఆ రోడ్డు కింది నుంచి దాటడం నాకే భయం.

కొత్తవాళ్లు పొరబడే ఒక విషయం పేర్లు. హైటెక్ సిటీ అని మెట్రోకు ఒక స్టేషన్ ఉంది, ఎంఎంటీఎస్‌కు ఒకటి ఉంది. పేరొకటే గానీ రెండూ వేర్వేరు చోట్లు, సంచులతో నడిచి పోయే దూరం కాదు. ఒక దాంట్లో దిగి ఇంకో దాని దగ్గరి ఆఫీసుకు పోవాలంటే ఆటో ఎక్కాల్సిందే. సికింద్రాబాద్‌కు మెట్రోలో ఈస్ట్, వెస్ట్ అని రెండున్నాయి, అవి వేర్వేరు లైన్ల మీద ఉన్నాయి. మనమంతా నాంపల్లి అనే స్టేషన్ టికెట్ మీద హైదరాబాద్ అని ఉంటుంది. ఊరి నుంచి మొదటిసారి వచ్చే పెద్దవాళ్లకు ఇవి నోటితో చెప్తే చాలదు, కాగితం మీద రాసిచ్చి పంపండి.

నాంపల్లి అంటే గుర్తొచ్చింది. 1907 నాటి స్టేషన్, మా అమ్మ మార్కుల్లో దానికే మొదటి స్థానం. కారణం చాలా చిన్నది. పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. అందుకని పట్టాల చివరి నుంచి చుట్టూ తిరిగి ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకో ప్లాట్‌ఫాంకు మెట్లెక్కకుండా నడవొచ్చు. ఎవరూ మోకాళ్ల కోసమని కట్టలేదు, కానీ మోకాళ్లకు అంత అనుకూలంగా ఉంది. అమ్మ అక్కడ నా చెయ్యి వదిలేసి ముందు నడిచింది.

కాచిగూడ 1916లో నిజాం కాలంలో కట్టింది. ఆ గుమ్మటాలు, మినార్లు చూస్తే ఇప్పటికీ ఒక నిమిషం నిలబడిపోతాను. ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం మీదికి వచ్చే బండైతే ముందు నుంచి నేరుగా నడిచి పోవచ్చు.

సికింద్రాబాద్‌ను ఇప్పుడు తూకం వెయ్యడం న్యాయం కాదు. 1874లో మొదలైన స్టేషన్‌ను దాదాపు 700 కోట్ల రూపాయల ఖర్చుతో కొత్తగా కడుతున్నారు, పాత భవనం తీసేశారు. పని పూర్తయ్యేదాకా దార్లు మారుతూనే ఉంటాయి. పోయిన నెల చూసిన ద్వారం ఈ నెల ఉంటుందన్న నమ్మకం లేదు. అక్కడికి వెళ్లేవాళ్లకు ఒకటే చెప్తాను. మీ బండి ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం వైపు వస్తుందా, పదో నంబర్ వైపా అన్నది ముందే కనుక్కోండి. పదో నంబర్ వైపైతే ఆటోను బోయిగూడ ద్వారానికి రమ్మనండి. పది ప్లాట్‌ఫాంల వంతెన మొత్తం నడిచే పని తప్పుతుంది. పెద్దవాళ్లకు చక్రాల కుర్చీ అడగడానికి మొహమాట పడకండి. అమ్మ మొదట ఒప్పుకోలేదు, "నేనేమన్న కుంటిదాన్నా?" అని కోప్పడింది. కూర్చున్నాక కూలీ అన్న ఆమెతో ఊరి ముచ్చట్లు పెట్టాడు. అతని అత్తగారిది డోర్నకల్ అట. ప్లాట్‌ఫాం మారేసరికి ఇద్దరికీ బంధుత్వం కలిసింది.

చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. 400 కోట్లకు పైగా పెట్టి కట్టారు. లోపలికి వెళ్తే మనసు తేలికైంది. వెడల్పు వంతెన, లిఫ్టులు, ఎస్కలేటర్లు, నిలబడి ఊపిరి పీల్చుకునే జాగా. కాజీపేట వైపు నుంచి వచ్చేవాళ్లకు సికింద్రాబాద్ కన్నా ముందే వస్తుంది. కానీ నేను మొదట్లో చెప్పిన కొలతకు వస్తే, స్టేషన్ అంటే దారి కదా. చర్లపల్లికి మెట్రో లేదు. ఎంఎంటీఎస్ ఉన్నా రోజుకు కొన్ని బండ్లే. తెల్లవారుజామున దిగితే చందానగర్ దాకా ఆటోకో కారుకో అమ్మ రైలు టికెట్‌కు ఎన్నో రెట్లు పెట్టాలి. అంత చక్కగా కట్టిన ఇంటికి వీధి కూడా అంత చక్కగా వెయ్యాలి. గంటకో ఎంఎంటీఎస్ బండి నడిపినా చాలు, చర్లపల్లి ఈ ఊళ్లో అన్నిటికన్నా మంచి స్టేషన్ అవుతుంది. ఇది నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఉప్పల్ కూడలిలో 2023లో తెరిచిన ఆకాశ వంతెన కూడా చూడండి. నాలుగు వైపుల రోడ్లనూ మెట్రో స్టేషన్‌తో కలిపారు, లిఫ్టులు పెట్టారు. అలాంటిది ప్రతి పెద్ద స్టేషన్ ముందూ ఉండాలి.

టికెట్ల గురించి ఒక్క మాట. వాట్సాప్‌లో మెట్రో టికెట్ వస్తుంది, రైల్వే వాళ్ల యాప్‌లో ఎంఎంటీఎస్ టికెట్ వస్తుంది. నాకు చాలా సుఖం. అమ్మది మీటల ఫోను. ఆమెకు కౌంటర్ కావాలి, కౌంటర్‌లో మనిషి కావాలి, చిల్లర లెక్కపెట్టుకునేదాకా ఓపిక పట్టే మనిషి కావాలి. కౌంటర్లు తగ్గించే ముందు ఆ లైనులో ఎవరు నిలబడుతున్నారో ఒక పూట చూడమని అధికారులను వేడుకుంటున్నాను.

అమ్మ ఇప్పుడు ఊళ్లో ఉంది, కర్ర లేకుండా నడుస్తోంది. మొన్న మా వాడకట్టులోని ఒక పెద్దామె మోకాళ్లు చూపించుకోవడానికి పట్నం వస్తోందని అమ్మ ఫోన్ చేసింది. ఆమెకు అమ్మ చెప్తున్న మాటలు నాకు ఫోన్లో వినిపిస్తూనే ఉన్నాయి. "పదో నంబరైతే బోయిగూడ దిక్కు దిగు. చక్రాల కుర్సీ అడుగు, సిగ్గు పడకు. మెట్రోల వెడల్పు గేటుంటది, అండ్లకెల్లి పో." తర్వాత నాతో, "ఆమెతోని నువ్వు పోతవా బిడ్డా? లిఫ్టు నడుస్తున్నదో లేదో ముందుగాల చూసి రా" అంది. రేపు పొద్దున చూడటానికి వెళ్తున్నాను.